స్టారు కింద రాలిన పురుగు

నా నోరు పెద్దదని మా కాలనీలో కుక్కపిల్లకి కూడా తెలుసు. నేను ట్యూషన్‌లో ఎక్కం చెబితే పక్క వీధి పిల్లలకి కూడా వచ్చేస్తుందని మా ఆయన సొలొమోను ఎగతాళి చేస్తాడు. ఈ నోరు చూసే తల్లులు పిల్లల్ని నా దగ్గరికి పంపారు. "కాస్త భయం చెప్పండి ఎలిజబెత్ టీచర్ గారూ" అని మరీ అప్పగించి వెళ్ళారు. మొన్న డిసెంబరులో అదే నోరు చూసి నన్ను పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కించబోయారు.

మాది గన్నవరం దాటాక హైవే దిగి, కాలువ వెంట కొంచెం లోపలికి వస్తే తగిలే కొత్త కాలనీ. మూడు వైపులా వరి చేలు. సొలొమోను ఎయిర్‌పోర్టులో సామాన్ల బండి నడుపుతాడు. నేను వరండాలో చాప పరిచి ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకి చదువు చెబుతాను. క్రిస్మస్ నెల వస్తోందంటే చాలు, కాలనీలో మొదటి స్టారు మా వరండాలోనే వెలగాలి. అది నా పంతం. విజయవాడ వన్‌టౌన్ నుంచి సొలొమోను నా అంత ఎత్తు కాగితం స్టారు తెచ్చి, లోపల పెద్ద బల్బు పెట్టి, కరెంటు పోయినా ఆరకుండా ఇన్వర్టరుకి తగిలించాడు.

ఆ రోజు మా ఇంటి వెనక చేలో కోత మిషను దిగింది. మధ్యాహ్నం నుంచీ ఒకటే రొద, దుమ్ము, గడ్డి నలక. చీకటి పడే వేళకి మిషను ఆగింది. ఆ వెనకే వీధి మొత్తానికి కరెంటు పోయింది. ఇక వెలుతురంటే మా స్టారు ఒక్కటే. పిల్లల్ని దాని కిందికి జరగమన్నాను. చేలోంచి లేచిన పురుగులు ఇంకెక్కడికి పోతాయి? అన్నీ వచ్చి స్టారు చుట్టూ మూగాయి. పుస్తకాల మీదా జడల మీదా రాలుతుంటే పిల్లలు విదిలించుకుంటూ కూర్చున్నారు.

మోక్షిత మూడో తరగతి. ఎదురింటి శ్రీదుర్గ కూతురు. తెలివైన పిల్లే కానీ ఏడో ఎక్కం దగ్గరికి వచ్చేసరికి మొరాయించిన ఎద్దులా ఆగిపోతుంది. ఆ సాయంత్రం కూడా ఏడు నాలుగుల దగ్గర ఆగింది. ఆగి, మెడ మీద ఒక్కటి చరుచుకుని, అరచేత్తో రుద్దుకుని, పురుగు, టీచర్ అంది. ఎక్కం రానప్పుడే మీకు పురుగులూ దోమలూ గుర్తొస్తాయని కసిరాను. అక్కడితో ఆగితే నేను ఎలిజబెత్‌ని ఎందుకవుతాను?

"రేపటికి ఏడో ఎక్కం రాకపోతే అట్లకాడ కాల్చి మెడ మీద వాత పెడతా, చూసుకో" అన్నాను.

ఈ మాట అనని తల్లి కృష్ణా జిల్లా మొత్తంలో ఉంటే నాకు చూపించండి. మా అమ్మ నన్ను అంది, మా అమ్మమ్మ మా అమ్మని అంది. అన్నవాళ్ళెవరూ అట్లకాడ పొయ్యి మీద పెట్టిన పాపాన పోలేదు. కాకపోతే ఆ పూట టీవీలు ఆగిపోయి, జనమంతా గేట్ల దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నారు. నా మాట ఆ చివర నుంచి ఈ చివర దాకా వినిపించింది.

మర్నాడు సాయంత్రం పిల్లలు అప్పుడప్పుడే వచ్చి చాప మీద కూర్చుంటున్నారు. శ్రీదుర్గ, ఆమె భర్త హర్షవర్ధన్ గేటు తోసుకుని వచ్చారు. మోక్షిత వెంట లేదు. హర్షవర్ధన్ విజయవాడలో కార్ల షోరూములో మేనేజరు, ఎప్పుడూ నమస్కారం పెట్టకుండా నా ముందు నుంచి పోయే మనిషి కాదు. ఆ రోజు నమస్కారం లేదు. ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

ఫోటోలో మోక్షిత మెడ. చెవి కింద నుంచి గొంతు వైపుకి వేలెడు పొడుగున ఎర్రటి గీత. దాని మీద చిన్న చిన్న నీటి బొబ్బలు. దవడ కింద అదే వరసలో ఇంకో గీత. కాలిన చర్మం ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే ఉంది. ఏమైంది తల్లీ పిల్లకి అని అడిగాను.

"మమ్మల్ని అడుగుతారేంటండీ? ఒకటి చాలక రెండు వాతలు పెట్టింది మీరు కదా" అంది శ్రీదుర్గ.

రాత్రి కరెంటు లేక పిల్ల మెడ ఎవరూ చూడలేదట, పొద్దున లేచేసరికే గీత ఎర్రగా ఉందట. గోరు గీసుకుందనుకుని కొబ్బరినూనె రాసి బడికి పంపిందట. బడి నుంచి వచ్చేసరికి బొబ్బలెక్కాయట. గన్నవరంలో ఓ క్లినిక్కి తీసుకెళ్తే అక్కడి డాక్టరు చూసి, కాలిన గాయంలా ఉంది, ఇంట్లో ఏమైనా తగిలిందా అని అడిగాడట. అప్పుడు శ్రీదుర్గకి నా మాట గుర్తొచ్చింది. టీచర్ పెట్టిందా అని పిల్లని అడిగింది. పిల్ల తల ఊపింది.

నేను పెట్టలేదు అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో లాగా వినిపించింది. పిల్లని పిలవండి, నా ముందు అడగండి అన్నాను. పిల్ల నా పేరెత్తితేనే దుప్పటి కప్పుకుంటోందని శ్రీదుర్గ ఏడ్చింది. చాప మీది పిల్లల్ని అడగండి అంటే, మీకు భయపడే పిల్లలు మీ ఎదురుగా నిజం చెబుతారా అంది. హర్షవర్ధన్ ఏడవలేదు, అరవలేదు. స్టేషన్‌కి వెళ్తున్నాను, చిన్నపిల్లని కాల్చిన కేసంటే ఏమవుతుందో మీకు తెలుసు కదా అన్నాడు. అరిచినా బాగుండేది.

అప్పటికే గేటు దగ్గర ఆడవాళ్ళు చేరారు. ఒకావిడ లోపలికొచ్చి తన కొడుకు చెయ్యి పట్టుకుని లేపింది. ఆవిడ వెనకే ఇంకొకావిడ. నిప్పు లేనిదే పొగ రాదని ఎవరో అన్నారు. రాత్రి మేమందరం విన్నాం కదా అని ఇంకెవరో వంత పాడారు. కాసేపట్లో చాప ఖాళీ అయింది. నా ఇన్నేళ్ళ బతుకూ ఆ చాప మీదే నడిచింది. రేపటి నుంచి ఈ వీధిలో నేను నడుస్తుంటే పిల్లల్ని కాల్చే ఆవిడ పోతోందని వేలు చూపిస్తారు.

రామకోటేశ్వరరావు గారు రాకపోతే హర్షవర్ధన్ ఆ పూటే వెళ్ళిపోయేవాడు. ఆయన వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన ఆఫీసరు, మా కాలనీ సంఘానికి పెద్ద. స్టేషన్ ఎక్కడికీ పోదు బాబూ, రేపు పొద్దున మా ఇంట్లో కూర్చుని మాట్లాడదాం, అప్పటికీ నీ మనసు ఒప్పకపోతే నేనే నీతో వస్తానని ఆయన నచ్చజెప్పారు. హర్షవర్ధన్ సరే అన్నాడు. పొద్దున దాకానే అన్నాడు.

అందరూ వెళ్ళాక వరండాలో చీపురు పట్టుకుని నిలబడ్డాను. ఊడవడానికి కాదు, చేతిలో ఏదో ఒకటి ఉండాలని. స్టారు కింద ముందు రోజు రాలిన పురుగులు ఇంకా పడి ఉన్నాయి. నా వెనక సొలొమోను, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నీకు ఎన్నిసార్లు చెప్పాను అని సణుగుతున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. తిరిగి నాలుగు అనబోయి, గోడ వైపు చూసి ఆగిపోయాను.

సున్నం గోడ మీద ఒక పురుగు పాకుతోంది. వడ్లగింజంత పొడుగుంది. చీమలా ఉంది గానీ చీమ కాదు. తల నలుపు, మెడ ఎరుపు, నడుం మీద నెమలి ఈక లాంటి నీలం పట్టీ, తర్వాత మళ్ళీ ఎరుపు, తోక కొస నలుపు. వేలు దగ్గర పెడితే తోక పైకెత్తింది. పుట్టి బుద్ధెరిగాక ఇలాంటిదాన్ని ఇంత దగ్గరగా నేను చూడలేదు. చూశానో, చూసినా పట్టించుకోలేదో. నాకు వెంటనే మోక్షిత చెయ్యి గుర్తొచ్చింది. మెడ మీద చరుచుకున్న చోటూ, అరచెయ్యి రుద్దుకుంటూ పోయిన దారీ. గీత సరిగ్గా అక్కడే ఉంది.

సొలొమోను ఊరగాయ సీసా కడిగి తెచ్చాడు. కిందా పైనా వెతికి బతికున్న వాటిని కాగితంతో సీసాలోకి తోశాం. ఫోటో తీసి ఫోన్‌లో వెతికాడు. ఒకచోట చీమ అని వచ్చింది, ఇంకోచోట చెదపురుగని, మరోచోట చెవిలో దూరే పురుగని. ఒక్కటీ కాల్చే పురుగు అని చెప్పలేదు. నేను ఒకదాన్ని తీసి అరచేతిలో వేసుకున్నాను. అది వేళ్ళ మధ్య నుంచి అటూ ఇటూ పరుగెత్తింది. కుట్టలేదు, కరవలేదు, కనీసం చక్కిలిగింత పెట్టలేదు. నా ఆశ సగం అక్కడే చచ్చిపోయింది.

పొద్దున్నే రామకోటేశ్వరరావు గారి వరండాలో హర్షవర్ధన్, శ్రీదుర్గ కూర్చున్నారు. ఎదురుగా మేమిద్దరం. నేను సీసా బల్ల మీద పెట్టి, ఆ సాయంత్రం జరిగిందంతా వరసగా చెప్పాను. కోత మిషను, కరెంటు పోవడం, స్టారు, పిల్ల మెడ మీద చరుచుకోవడం. వాత పెడతానని నేను అన్న మాట కూడా దాచలేదు. ఆ పురుగు ఏమిటో మీరే చెప్పాలండీ అన్నాను. పురుగుల సంగతి ఆయనకంటే తెలిసినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు.

ఆయన కళ్ళజోడు మార్చుకుని సీసా వెలుతురుకి ఎత్తి చూశారు. చూడగానే మొహం విప్పారింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"దీన్ని మేం రోవ్ బీటిల్ అంటామమ్మా. ఇది రైతుకి మిత్ర పురుగు. వరిని పీల్చేసే సుడిదోమని తింటుంది. చేలో ఇది కనిపిస్తే మందు కొట్టొద్దని చెప్పేవాణ్ణి" అన్నారు.

అయితే ఇది మనుషుల్ని ఏమీ చెయ్యదా అని హర్షవర్ధన్ అడిగాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. నా వైపు చూడలేక సీసా వైపే చూస్తూ, కుట్టదు, కరవదు అన్నారు.

హర్షవర్ధన్ లేచి బండి తాళం తీసుకున్నాడు. విన్నారుగా, ఇంక చాలు అన్నాడు. తప్పు చేసి ఆ నెపం మూగజీవి మీద వేస్తున్నానని శ్రీదుర్గ అంది. అప్పటిదాకా ఆమె మీద నాకు జాలే ఉండేది. ఆ మాటకి ఒళ్ళు భగ్గుమంది. కోపంలోనే నాకు బుర్ర పనిచేస్తుందని సొలొమోను అంటుంటాడు, ఆ ఒక్కటీ నిజమే.

"కుట్టదు, కరవదు, సరేనండీ. నలిపితే?" అన్నాను.

రామకోటేశ్వరరావు గారు సీసా బల్ల మీద దించారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆకుల మీద చూడటం, రైతులకి చూపించడమే గానీ ఒంటి మీద నలిపి చూడలేదు, నాకు తెలీదమ్మా అన్నారు. తెలీదు అన్న ఆ మాట నాకు దేవుడిచ్చిన వరంలా వినిపించింది. ఆయన వద్దంటున్నా వినకుండా సీసా మూత తీసి, ఒకదాన్ని పట్టుకుని, అందరూ చూస్తుండగా ఎడమ మోచేతి మడత పక్కన పెట్టి, మోక్షిత చరుచుకున్నట్టే చరిచి, రుద్దాను. తడి తగిలింది. పురుగు తునకలు రాలిపోయాయి. చర్మం మామూలుగానే ఉంది.

అందరూ నా చెయ్యి చూస్తున్నారు. ఏమీ కాలేదు. శ్రీదుర్గ మొహం తిప్పుకుంది.

పిల్లకి కూడా అప్పటికప్పుడు రాలేదు, తెల్లారాకే వచ్చింది కదా అన్నాను. రేపు పొద్దున దాకా ఆగండి, నా చేతికి ఏమీ రాకపోతే మీరు తీసుకెళ్ళక్కర్లేదు, నేనే స్టేషన్‌కి నడిచి వస్తాను అన్నాను. హర్షవర్ధన్ తాళం జేబులో వేసుకున్నాడు. ఆలోపు ఆ చెయ్యి పొయ్యి దగ్గరికి పోకుండా ఎవరు చూస్తారు అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. రామకోటేశ్వరరావు గారి భార్య మాణిక్యమ్మ గారు ఒక మెత్తటి గుడ్డ తెచ్చి నా మోచేతికి వదులుగా చుట్టి, ముడి మీద తన కుట్టుదారంతో నాలుగు కుట్లు వేసింది. రేపు నా చేత్తోనే విప్పుతాను అంది.

ఇంటికొచ్చి కూర్చున్నాను. ఆ పగలు గడిచిన తీరు చెప్పనలవి కాదు. చెయ్యి మండుతోందా అని సొలొమోను వచ్చి వచ్చి అడుగుతాడు. లేదంటే అతని మొహం వాడిపోతుంది. పెళ్ళాం చెయ్యి కాలలేదని బెంగపెట్టుకున్న మొగుణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను మాత్రం తక్కువా? మోకాళ్ళ మీద నిలబడి, ప్రభువా నా చెయ్యి కాలనీ అని ప్రార్థించాను. అలాంటి ప్రార్థన విని ఆయనకి కూడా ఏం చెయ్యాలో తోచి ఉండదు.

మధ్యాహ్నానికి ఏమీ లేదు. పొద్దు వాలేసరికి కొంచెం దురద. గుడ్డ కట్టినందుకేనేమో అనిపించింది. ట్యూషన్ వేళకి గేటు చప్పుడైతే లేచి చూశాను, గాలి. ఎదురింటి కిటికీలో మోక్షిత తల కనిపించి, నన్ను చూడగానే మాయమైపోయింది. ఆ పిల్ల తల ఎందుకు ఊపింది? ఎవరు ఊపమన్నారు? పిల్ల మీద కూడా కోపం వచ్చింది. కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఆ సాయంత్రం స్టారు వెయ్యలేదు. సొలొమోను స్విచ్చి దాకా వెళ్ళి, నా వైపు చూసి వెనక్కి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని, ఒకవేళ రాకపోతే అన్నాడు. రాకపోతే లేదు, తిను అన్నాను.

తెల్లవారుజామున మంటకి మెలకువ వచ్చింది. మోచెయ్యి దగ్గర నిప్పు కణిక పెట్టినట్టుంది. మంచం మీద లేచి కూర్చుని, నొప్పికి ఏడుస్తున్నానో సంతోషానికి ఏడుస్తున్నానో తెలియక సొలొమోనుని తట్టి లేపాను. గుడ్డ మాత్రం ముట్టుకోలేదు.

రామకోటేశ్వరరావు గారూ మాణిక్యమ్మ గారూ మేమూ కలిసి హర్షవర్ధన్ వాళ్ళింటికి వెళ్ళాం. గుమ్మంలోనే మాణిక్యమ్మ గారు కుట్లు తన చేత్తోనే తెంపి గుడ్డ విప్పింది. ముంజేతి మీద ఎర్రటి గీత, దాని మీద సన్నటి బొబ్బలు. అంతేకాదు, మోచేతి మడతకి అవతల, పై చేతి మీద కూడా అలాంటిదే ఇంకో గీత. నేను నలిపింది ఒక్క చోట. రాత్రి చెయ్యి ముడుచుకుని పడుకున్నాను, దాని రసం అవతలి చర్మానికి అంటింది. మోక్షిత గడ్డం దించి పడుకుంటే మెడ మీది గీత దవడకి అంటినట్టే. వాత పెట్టేవాళ్ళెవరైనా అలా రెండో గీతని అద్దంలో బొమ్మలా దించగలరా? ఆ సంగతి నేను చెప్పక్కర్లేకపోయింది. హర్షవర్ధన్ తన ఫోన్‌లో మోక్షిత మెడ ఫోటో తెరిచి నా చెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాడు. చూసి, ఫోన్ ఆపేశాడు.

రామకోటేశ్వరరావు గారు, ఇన్నాళ్ళూ సగం పాఠమే చెప్పానమ్మా అన్నారు. ఇకమీదట ఒంటి మీద వాలితే నలపకుండా ఊది పారెయ్యమని, తగిలితే వెంటనే సబ్బుతో కడుక్కోమని కాలనీలో అందరికీ తనే చెబుతానన్నారు. హర్షవర్ధన్ నాకు రెండు చేతులూ జోడించాడు. నాలో ఎలిజబెత్ లేచి నిలబడింది. ఎన్ని మాటలన్నారు, ఎంతమంది ముందు అన్నారు, వాటన్నిటికీ వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలని నోరు తెరిచాను.

అంతలో శ్రీదుర్గ లోపలికి వెళ్ళి మోక్షితని చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చింది. పిల్ల మెడకి తెల్లటి మందు రాసి ఉంది. సిగ్గూ కోపమూ కలిసి శ్రీదుర్గ మొహం కందగడ్డలా అయింది. అందరి ముందూ మమ్మల్ని తల దించుకునేలా చేశావు, టీచర్ పెట్టిందని అబద్ధం ఎందుకు చెప్పావే అని పిల్ల రెక్క పట్టి కుదిపేసింది.

"ఇంకోసారి అబద్ధం చెప్తే మూతి మీద వాత పెడతా" అంది.

శ్రీదుర్గ తను అన్నది తనకే వినిపించినట్టు పిల్ల చెయ్యి వదిలేసింది. మోక్షిత రెండు చేతులతో మూతి మూసుకుంది. ఆ చేతుల వెనక నుంచే మెల్లగా చెప్పింది.

"అబద్ధం కాదమ్మా. రేపటికి ఎక్కం రాకపోతే మెడ మీద పెడతానంది టీచర్. నేను చదవలేదు. పొద్దున లేస్తే మెడ మీద ఉంది. నేను నిద్రపోయినప్పుడు వచ్చి పెట్టి వెళ్ళిందనుకున్నా."

నా నోట్లో తయారుగా ఉన్న మాటలన్నీ అక్కడే ఆగిపోయాయి. ఎనిమిదేళ్ళ పిల్ల. ఆ మాట విన్న పెద్దవాళ్ళంతా మర్నాడు నేను చేశానని నమ్మారు. అది మాత్రం నేను అన్నప్పుడే నమ్మింది. నమ్మి, ఎక్కం రాలేదు కదా అని, తనకి రావలసిందే వచ్చిందనుకుని, మంట ఓర్చుకుని బడికి పోయింది.

నేను గడప దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుని, రా తల్లీ అన్నాను. అది రాలేదు. వాళ్ళమ్మ కొంగు పట్టుకుని అక్కడి నుంచే నా చెయ్యి చూసింది. రెండు గీతల్నీ చూసింది, బొబ్బల్ని చూసింది. దాని కళ్ళల్లో భయం కాస్త తగ్గి, నా మీద జాలి కనిపించింది. మూతి మీది చేతులు తీసి, ఇద్దరికే తెలిసిన సంగతి అడిగినట్టు గొంతు తగ్గించి అడిగింది.

"మీకు ఏ ఎక్కం రాలేదు టీచర్?"